వేరుశనగ వేరునకు కాయదు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినప్పుడు ఏ విషయము నెత్తుకొనవలెనో నాకు తోచలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి జరిగిన కథ చెప్పుటకు నాకంటె తగినవారు ఈ వేదికమీదనే యున్నారు. నేను బడిపంతులుగా బ్రదికినవాడను. ఈ ప్రాంతమున పనిచేసిన కాలములో నేను చేసిన యొక తప్పును, దానివలన నాకు దొరికిన యొక వింతను మీ ముందు పెట్టుదును.

మన సీమలోని వింతలను చూచుటకు దూరప్రాంతములనుండి జనులు వచ్చుచుందురు. లేపాక్షిలో వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి ఆశ్చర్యపడుదురు. చిలమత్తూరు మండలమందలి వీరాపురములో చింతచెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచు ఎర్రకాళ్ల కొంగలను చూచి మురిసిపోవుదురు. ఆ యూరివారు ఆ పక్షులను ఇంటికి వచ్చిన చుట్టములవలె కాపాడుచున్నారు, అది మెచ్చదగినదే. అయితే ఈ వింతలకు బస్సెక్కి పోవలెను. బస్సెక్కనక్కరలేని వింతలు మరికొన్ని యున్నవి. వానిమీద మనము దినమును కాలు పెట్టి నడచుచుందుము.

మల్బరీ తోటలు పెంచువారి యిండ్లలో ఒకటి కలదు. నేను ఈ ప్రాంతమునకు క్రొత్తగా వచ్చినప్పుడు ఒక రైతు ఇంటి అరుగుమీద కూర్చుండియుంటిని. లోపలి గదిలోనుండి సన్నని తుంపర కురియుచున్న చప్పుడు వినవచ్చెను. ఆ యేడు వానలు లేవు. నేను ఆతురతతో లేచి వాకిటిలోనికి పోయి ఆకాశము చూచితిని. ఎండ మండిపోవుచున్నది! ఇల్లాలు నవ్వి, “ఆ వానకు కట్టెలు తడవవులే సామీ” అనెను. నాలుగవ జ్వరము తీరి లేచిన పట్టుపురుగులు ఆకు మేయుచున్న చప్పుడది. పురుగు తన జన్మలో తిను మొత్తము ఆకులో నూటికి 80 వంతులకు పైగా ఈ చివరి వారము దినములలోనే తినునట. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు అనంతపురపు సీమలో ఇంటిలోపల వాన చప్పుడు వినుట నాకు వింత. ఆ ఇల్లాలికి అది ఆకు చాలునా చాలదా యను లెక్క.

ఇక నా తప్పు సంగతి.

సుమారు నలుబది యేండ్ల క్రిందట, పిల్లలకు మొక్కల పాఠము చెప్పుచు, “వేరునకు కాయును గనుకనే దీనికి వేరుశనగ యని పేరు” అని ధైర్యముగా చెప్పితిని. పేరులోనే ఉన్నదానికి సాక్ష్యమెందుకని నా నమ్మకము. మరునాడు ఒక పిల్లవాడు నిలుచుండి, “మా అవ్వ నవ్వింది సార్” అనెను. తరగతియంతయు నవ్వెను. నాకు కోపము వచ్చిన మాట నిజము. అయినను ఆ సాయంకాలము వాని వెంట వారి చేనికి పోయితిని.

ముసలమ్మ కలుపు తీయుచున్నది. నన్ను చూచి లేవలేదు. దగ్గరనున్న చెట్టు కొమ్మను మెల్లగా ఎత్తి పట్టి, “ఏరుకు యాడ కాస్తాది సామీ? పూవుకు కాస్తాది. ఇట్ల సూడు” అనెను.

చూచితిని. ఆకు మొదట పసుపుపచ్చని చిన్న పువ్వు. దాని పక్క కణుపున నిన్న మొన్న వాడిన పువ్వు. ఆ క్రింది కణుపునుండి సూదివలె సన్నని కాడ యొకటి తలక్రిందుగా నేలవైపు సాగుచున్నది. అదియే ఊడ. ప్రొద్దున విచ్చిన పువ్వు ఆనాడే వాడిపోవును. తరువాత దాని మొదటనున్న భాగము కాడయై సాగి, కొనయందు పిండమును మోసికొని, వెలుతురు విడిచి చీకటిలోనికి దిగును. మట్టిలోనికి పోయినగాని కాయ ఊరదు. కొమ్మపై ఎత్తున పుట్టి నేలనందని ఊడలు గాలిలోనే ఎండిపోవును. చెట్లన్నియు కాయను వెలుతురునకు ఎత్తి చూపుచుండగా ఈ చెట్టు తన కాయను తానే పాతిపెట్టుకొనును! ఆ చేల గట్లమీద నేను అప్పటికి మూడేండ్లుగా నడచుచుంటిని.

“ఎంత వింత!” అని పైకే అంటిని.

“వింతేముంది సామీ ఇందులో? నేల గట్టిపడితే ఊడ దిగదు. నేను దాన్నే సూస్తాండా.”

అప్పటికి ఇరువది దినములుగా చినుకు లేదు. ఆమె వ్రేలితో నేలను నొక్కి చూపినది. పైపొర పెంకువలె బిగిసియున్నది. ఊడల కొనలు కొన్ని ఆ పెంకును తాకి ఆగిపోయినవి. నాకు వింతయైనది ఆమెకు ఆ యేటి అప్పు. ఇద్దరమును ఒకే కొమ్మను చూచుచుంటిమి. ఆ క్షణమున నా ఆశ్చర్యమునకు నేను కొంచెము సిగ్గుపడితిని. కాని అది పోలేదు.

ఆ వారమే గ్రంథాలయమునకు పోయి వ్యవసాయ గ్రంథములు తిరగవేసితిని. ముసలమ్మ చెప్పినదంతయు అందులో కలదు. ఆమె చెప్పనివి మరికొన్ని కలవు. ఈ పైరు దక్షిణ అమెరికానుండి వచ్చినదట. లేపాక్షి నందిని చెక్కిన శిల్పులు బహుశా ఈ గింజ రుచి ఎరుగరు. ఊడలు దిగు సమయమున ఎకరాకు 200 కిలోల జిప్సము మొదళ్లకడ వేయుమనుటకు కారణమును తెలిసినది. కాయ గట్టిపడుటకు వలయు సున్నమును వేరు పంపదట; మట్టిలోనున్న ఊడయు కాయయు తమంతట తామే పీల్చుకొనునట. ఊడలు దిగిన పిమ్మట గుంటక తోలరాదని పెద్దలు చెప్పుట ఆ ఊడలు చెదరకుండుటకే.

మరి వేరునకు ఏమియు కాయదా? కాయును. చెట్టు పెరికి వేళ్లు చూడుడు, ఆవగింజలవంటి బుడిపెలుండును. వానిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టునకిచ్చును. పనిచేయుచున్న బుడిపెను గోటితో చీల్చినచో లోపల గులాబిరంగు కనబడును. ఆ రంగునిచ్చు పదార్థము మన రక్తములోని ఎరుపునకు దాయాది. ఇది పుస్తకములో చదివి నమ్మక, రాత్రి దీపము పట్టుకొని చేనికి పోయితిని. రంగు నిజమే. అదిగాక పుస్తకములో నేను చదువని వింత యొకటి దీపపు వెలుతురున కనబడినది. చేనంతయు ఆకులు ముడుచుకొని నిద్రపోవుచున్నది. ఒక్కొక్క ఆకునకుగల నాలుగు రెక్కలును జోడించిన చేతులవలె దగ్గరపడియున్నవి.

మరునాడు తరగతిలో నా తప్పు ఒప్పుకొంటిని. అది సులభముగా జరుగలేదు. నల్లబల్లవైపు తిరిగి చెప్పితిని.

ఆ శనివారము ప్రొద్దున ముసలమ్మ సెలవుతో పిల్లలు అయిదు పువ్వులున్న కణుపులకు ఎర్రదారములు కట్టిరి. చెట్లు పెరుకరాదు, సాళ్లు త్రొక్కరాదు అని ఆమె షరతు. ఆ వారము కడపట ఒక రాత్రి వాన వచ్చినది. పెద్దవాన కాదు, నేల మెత్తబడుటకు సరిపోయినది. కోతనాడు పిల్లలతో నేనును చేనికి పోయితిని. రెండు దారములు కనబడనేలేదు. ఒకదాని ఊడ గాలిలోనే నల్లబడి ఎండియున్నది. రెండింటి కొనలయందు కాయలున్నవి. ముసలమ్మ ఆ కాయలలో ఒకటి ఒలిచి, రెండు గింజలలో ఒకటి మనుమని చేతిలో పెట్టి, రెండవదానిని నావైపు చాచెను. గింజ ఇంకను పచ్చిదే. పంటిక్రింద పాలు వచ్చినవి. ఆమె అప్పటికే వంగి తరువాతి చెట్టు పెరుకుచున్నది.