కొలత తప్పని గౌరవం

ఈరోజు నేను మాట్లాడబోయేది ముందు వరుసలో కూర్చున్న మాజీ సైనికుల గురించి, వారిని గురించి మనం రాస్తున్న రాతల గురించి. సాహిత్య సభలో ఈ విషయమేమిటని కొందరికి అనిపించవచ్చు. సైనికుడి సేవ కాగితం మీదికి వచ్చేది మన కలం ద్వారానే. అక్కడ తప్పు జరిగితే జవాబు చెప్పవలసింది కలం పట్టినవాళ్లే.

ఈ సభ జరుగుతున్న పరిటాలకు ఈ చర్చతో దగ్గరి సంబంధమే ఉంది. ఉత్తర సర్కారులు కుంఫిణీ చేతికి పోయినా, వజ్రపు గనులున్న ఈ పల్లెలను నిజాం తన ఏలుబడిలోనే ఉంచుకున్నాడు. చుట్టూ బ్రిటిష్ కృష్ణా జిల్లా, నడుమ పరిటాల జాగీరు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడి జనం నిజాం పాలనను కాదని తమ ప్రభుత్వాన్ని తామే ప్రకటించుకున్నారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి అడుగుపెట్టింది. షోలాపూరు వైపు దళాలకు మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి, బెజవాడ వైపు దళాలకు మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వం వహించారు.

ఆ మొదటి రోజునే నల్‌దుర్గ్ దగ్గర సిక్కు రెజిమెంటు రెండో బెటాలియన్ హవల్దార్ బచిత్తర్ సింగ్ పోరాడుతూ ప్రాణాలిచ్చాడు. తుంగభద్ర రైలు వంతెన దగ్గర ఐదో గూర్ఖా రైఫిల్స్‌కు చెందిన నాయక్ నర్‌బహదూర్ థాపా కాల్పులకు ఎదురు పరుగెత్తి, బ్రెన్ గన్ పేలుస్తున్నవాళ్లను ఖుక్రీతో ఎదుర్కొన్నాడు. 1952లో అశోక చక్రను నెలకొల్పాక ఆ గౌరవాన్ని తొలిసారి అందుకున్న కొద్దిమందిలో ఈ ఇద్దరూ ఉన్నారు. హైదరాబాదు చర్యను ప్రభుత్వం యుద్ధమనలేదు, పోలీసు చర్య అంది. శత్రు సైన్యం ఎదుట చూపిన సాహసానికి పరమవీర చక్ర వరస పతకాలున్నాయి. అలాంటి యుద్ధరంగం కాని చోట చూపిన సాహసానికి అశోక చక్ర వరస ఉంది. వీళ్లను పరమవీర చక్ర గ్రహీతలని రాస్తే వాళ్ల ఘనత పెరగదు. వాళ్లు ఎక్కడ, ఏ సందర్భంలో నిలబడ్డారో ఆ చరిత్ర మాత్రం చెరిగిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. సైనిక పురస్కారం ఒక మనిషి ఫలానా రోజున, ఫలానా చోట, ఫలానా పని చేశాడని దేశం కొలిచి ఇచ్చే గౌరవం. ఆ కొలతను ప్రేమతో పెంచి రాసినా, అజాగ్రత్తతో తగ్గించి రాసినా మనం తీసేసుకుంటున్నది ఆ గౌరవాన్నే.

పాత్రికేయ మిత్రులు ఈ వరసలను మనసులో పెట్టుకోవాలి. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీరచక్ర 1950 జనవరి 26న ఏర్పడ్డాయి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించాయి. అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర 1952లో అశోక చక్ర మొదటి, రెండో, మూడో తరగతులుగా మొదలై, 1967లో ఇప్పటి పేర్లు పొందాయి. సేనా పతకం వేరు. పరమ విశిష్ట సేవా పతకం వంటివి ఉన్నతమైన సేవకు ఇచ్చేవి, యుద్ధరంగంలో చూపిన సాహసానికి కావు. ఇవికాక సియాచిన్‌లో పనిచేసినందుకు, తొమ్మిదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు సేవ చేసినందుకు, గాయపడినందుకు, స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల నాటికి సేవలో ఉన్నందుకు ఇచ్చే పతకాలున్నాయి. ఒక హవల్దారు గుండెల మీద ఎనిమిది పతకాలు కనిపించగానే ఎనిమిది శౌర్య పతకాలని రాసేయకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తాతగారి బర్మా స్టార్‌ను మనవడు చూపిస్తే, ఆయన బర్మా రంగంలో సేవ చేశాడని దాని అర్థం. బ్రిటిష్ రాజు ఆయన సాహసాన్ని మెచ్చి ఇచ్చాడని కాదు. బర్మా అడవుల్లో మలేరియాతో, ఆకలితో పోరాడి ప్రాణాలతో తిరిగి రావడమే చెప్పుకోదగ్గ జీవితం. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే చాలదా?

హోదాల విషయంలోనూ ఇదే జరుగుతోంది. సుబేదార్ మేజర్‌ను మేజర్ అని రాయడం మన జిల్లా పేజీల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. రెండూ వేరువేరు హోదాలు. సిపాయిగా చేరి మెట్టు మెట్టుగా సుబేదార్ మేజర్ దాకా ఎదగడం దశాబ్దాల కష్టం. మేజర్ అని రాయగానే ఆ కష్టం కనిపించకుండా పోతుంది. పదవీ విరమణ వేళ గౌరవ కెప్టెన్ హోదా పొందిన వారికి ఆ గౌరవ పదాన్ని తీసేసి రాస్తే ఆయన సేవా పుస్తకానికి, మన వార్తకు పొంతన ఉండదు. దళం పేరు కూడా అంతే. సి.ఆర్.పి.ఎఫ్., బి.ఎస్.ఎఫ్. జవాన్లను ఆర్మీ జవాన్లని రాయడం తప్పు. అశోక చక్ర సైన్యానికే పరిమితమనుకోవడం కూడా తప్పే. 2014లో మరణానంతరం అశోక చక్ర ప్రకటించిన కె. ప్రసాద్ బాబు మన రాష్ట్ర గ్రేహౌండ్స్ పోలీసు అధికారి. ఈ విషయం ఎంతమంది తెలుగు పాఠకులకు తెలుసు?

పేర్ల విషయంలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. కార్గిల్ యుద్ధంలో 1999 జూలై 4న టైగర్ హిల్ మీద పోరాడిన 18 గ్రెనేడియర్స్ సైనికుడు యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్ర మరణానంతర గౌరవంగా ప్రకటితమైంది. ఆయన అప్పుడు ఒంటినిండా గాయాలతో ఆసుపత్రిలో ఉన్నాడు, బతికే ఉన్నాడు. అదే బెటాలియన్‌లో అదే పేరున్న మరో సైనికుడు అమరుడయ్యాడు. దేశపు అత్యున్నత గౌరవం విషయంలోనే ఇలా జరిగితే, ఒకే ఊళ్లో పదిమంది వెంకటేశ్వర్లు, పదిమంది శ్రీనివాసరావులు ఉండే మన మెట్ట ప్రాంతంలో ఎంత జాగ్రత్త పడాలి? ఈ ప్రాంతపు రైతుకు తెలుసు, పాసు పుస్తకంలో సర్వే నంబరు ఒక్క అంకె తప్పితే కోర్టుల చుట్టూ ఎన్నేళ్లు తిరగాలో. సైనికుడి పేరు పక్కన ఆర్మీ నంబరు, దళం లేకపోతే అదే గతి.

ఊరు పేరులోనూ చిక్కు ఉంది. నందిగామ, జగ్గయ్యపేట 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు చేరిన సైనికుల కాగితాల్లో కృష్ణా జిల్లా అని ఉంటుంది. ఇంకా పాత కాగితాల్లో అదే పేరు కిస్ట్నా అన్న ఆంగ్ల రాతలో కనిపిస్తుంది. 1940ల్లో పరిటాల నుంచి చేరిన కుర్రవాడు హైదరాబాదు సంస్థానపు మనిషిగా నమోదై ఉండవచ్చు. ఈ మార్పులు తెలియని వాళ్లు మన మనిషిని పక్క జిల్లాకో, పక్క రాజ్యానికో రాసేస్తారు. ఇక్కడే స్థానిక చరిత్ర తెలిసిన రచయిత అవసరం పడుతుంది.

సంఖ్యల విషయంలోనూ జాగ్రత్త కావాలి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయ ఘర్షణలో సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాల పూర్వ విద్యార్థి, 16 బిహార్ కమాండింగ్ అధికారి కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు నేలకొరిగారు. మర్నాడు సైన్యం మొదటి ప్రకటనలో ఒక అధికారి, ఇద్దరు సైనికులు అని ఉంది. రాత్రికి ఆ సంఖ్య ఇరవైకి చేరింది. మొదటి ప్రకటన అబద్ధం కాదు. ఆ గంటకు తెలిసింది అంతే. అందుకే యుద్ధవార్తలో ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నవి తప్పనిసరిగా ఉండాలి. 2021 జనవరిలో ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. అదే ఏడాది నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో ఆయన కుటుంబం ఆ పతకం అందుకుంది. పరమవీర చక్ర ఇవ్వవలసిందని కోరుకునే హక్కు ఎవరికైనా ఉంది. వచ్చిందని రాసే హక్కు ఎవరికీ లేదు. మహావీర చక్ర సామాన్యమైన గౌరవం కాదు. దాన్ని దాని పేరుతోనే పలకడం ఆ వీరుడికి మనం చెల్లించే మొదటి బాకీ.

పెంచి రాయడం వల్ల నష్టమెవరికని అడిగేవాళ్లున్నారు. నష్టం మొదట ఆ ఇంటికే. పత్రికలో చూసిన పేరు ప్రభుత్వ జాబితాలో లేకపోతే ఆ కుటుంబం ఆఫీసుల్లో తలదించుకోవాల్సి వస్తుంది. పదిహేడేళ్లు మంచు కొండల్లో రేషన్ లారీ నడిపిన మనిషి మీద లేనిపోని శౌర్య పతకం పెడితే, అది అబద్ధమని తేలిన రోజున ఆ పదిహేడేళ్ల నిజం కూడా అనుమానం పాలవుతుంది. పోరాటంలో మరణించిన వారికీ, విధి నిర్వహణలో ప్రమాదంలోనో అనారోగ్యంతోనో పోయిన వారికీ పింఛను నిబంధనలు వేరు. వార్తలో తప్పు రాస్తే ఆ తల్లి లేని ఆశ పెట్టుకుంటుంది. ఇద్దరి త్యాగాన్నీ మనం గౌరవిద్దాం, ఒకరి కథను మరొకరికి తొడగకుండా.

తగ్గించి రాసిన చరిత్ర చేసిన గాయం కూడా మన ఒంటి మీదే ఉంది. కుంఫిణీ కాలపు మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎంతోమంది. అందులో మాల, మాదిగ కుటుంబాలకు సైన్యం బతుకుతెరువు మాత్రమే కాదు, తలెత్తుకు నిలిచే చోటు. 19వ శతాబ్దం చివర ఫ్రెడరిక్ రాబర్ట్స్ వంటి సేనానులు దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారనే అభిప్రాయాన్ని విధానంగా మార్చారు. తెలుగువాళ్ల చేరిక క్రమంగా మూతపడింది. 1928లో మద్రాసు రెజిమెంటునే రద్దు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక 1941లో మళ్లీ నిలబెట్టారు, ఆ సైనికులు బర్మాలో పోరాడి తమ సత్తా చూపారు. ఒక జాతి మీద వేసిన తప్పుడు ముద్రను తుడిచింది అతిశయోక్తులు కాదు, నమోదైన సేవ. అందుకే మన మనుషుల సేవను తప్పుల్లేకుండా నమోదు చేయడం నాకు ఆత్మగౌరవ సమస్యగా కనిపిస్తుంది.

కవి మిత్రులకు ఒక మనవి. అతిశయోక్తి మీకు అలంకారం. పల్నాటి వీరుల కథను కారంపూడిలో ఏటా వినేవాళ్లు దాన్ని కావ్యంగానే వింటారు. అదే అతిశయోక్తి విలేఖరి రాతలో దోషం. పాఠకుడు వార్తను నిజమని నమ్మి చదువుతాడు.

చివరగా ఈ సభ ముందు నాలుగు పనులు పెడుతున్నాను. మొదటిది, సైనికుడి మీద రాసే ప్రతి వార్తలో పేరు, హోదా, దళం, సంఘటన తేదీ, చోటు, పురస్కారం పూర్తి పేరు ఉండాలి. శౌర్య పురస్కారాలు గణతంత్ర దినోత్సవానికి, స్వాతంత్ర్య దినోత్సవానికి ప్రకటిస్తారు. భారత రాజపత్రంలో, రక్షణ శాఖ జాబితాల్లో సరిచూడవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, ఇంట్లో డిశ్చార్జి పుస్తకం ఉంది, చాలా పతకాల అంచు మీదే పేరు, నంబరు చెక్కి ఉంటాయి. చూసి రాయండి.

రెండోది, తప్పు అచ్చయితే తప్పు వచ్చిన పేజీలోనే, అంతే కనిపించేలా సవరణ వేయండి. మూడోది, మన కళాశాలల తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల మండలాల ఊరూరా తిరిగి మాజీ సైనికుల మాటలను, వారి అనుమతితో వారి కాగితాలను నమోదు చేయాలి. పతకం లేని సేవకు కూడా అందులో సమానమైన చోటుండాలి.

నాలుగోది రచయితలది. పురస్కారంతో పాటు ప్రభుత్వం ఆ సైనికుడు ఏం చేశాడో చెప్పే ప్రశంసాపత్రం ఇస్తుంది. అది ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. తెలుగు వీరుల ప్రశంసాపత్రాలన్నిటినీ ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా మంచి తెలుగులోకి తెచ్చి బడి పిల్లల చేతికి అందించాలి. ఆ పత్రాల్లోని నిజం ఏ అలంకారం లేకుండానే ఒళ్లు గగుర్పొడిచేలా ఉంటుంది. ఈ పని వచ్చే సభ నాటికి మొదలై ఉండాలని అధ్యక్ష స్థానం నుంచి ప్రతిపాదిస్తున్నాను. ఆమోదించి, మీ పేర్లు ఇచ్చి వెళ్లండి.