తాళం వేసిన ఫ్లాట్లు



ప్లానింగ్, ఆర్కిటెక్చర్ పట్టాలు అందుకున్న మీలో చాలామంది వచ్చే నెల హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో టులెట్ బోర్డుల వెంట తిరుగుతారు. బ్యాచిలర్లకు ఇవ్వం అంటారు. మాటల్లో పెట్టి కులం ఆరా తీస్తారు. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగేవాళ్లూ తగులుతారు. ఈ ఓనర్లే లేకపోతే మేమూ ఇల్లు కొనుక్కునేవాళ్లం కదా అనిపిస్తుంది. ఆ కోపంలో సగమే న్యాయం ఉంది, ఎందుకంటే ఓనర్లందరూ ఒకటి కాదు. (నేనూ ఒక వాటా అద్దెకిచ్చాను, నా మాటల్ని ఆ మేరకు తగ్గించుకుని వినండి.)

సొంతింటి మీద రెండంతస్తులు లేపి, మేడపైన రేకుల గదిని పెంట్‌హౌస్ అని అద్దెకిచ్చే రిటైర్డ్ టీచరున్నారనుకోండి. నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలన్న దానిమీద అద్దెకున్నవాళ్లతో రోజూ గొడవే. అయినా ఆయన ఊరికి మూడు వాటాలు కలిపారు.

కోటి పెట్టి ఫ్లాటు కొని తాళం వేసినవాడి లెక్క వేరు. అద్దెకిస్తే నెలకు పాతిక వేలు, అంటే ఏడాదికి మూడు శాతం. బ్యాంకు డిపాజిట్టే నయం. అయినా కొన్నాడంటే రేటు పెరుగుతుందనే. మొదటి ఇల్లు కొనాలనుకునే మీతో పోటీపడి కొంటాడు, ఆపైన ఎవరినీ ఉండనివ్వడు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలోని పట్టణాల్లో ఖాళీ ఇళ్లు కోటీ పది లక్షలు దాటాయి. మరుసటి ఏడాది కేంద్రం నియమించిన నిపుణుల బృందం పట్టణాల్లో కొరత 1.88 కోట్ల ఇళ్లని తేల్చింది. ఇంత జరిగాక కూడా, రెండో ఇంటిని ఖాళీగా ఉంచుకుంటే వచ్చినట్టు లెక్కగట్టే అద్దెపై ఉన్న పన్నును 2019 బడ్జెట్ ఎత్తేసింది! కెనడాలో వాంకూవర్ నగరం మాత్రం 2017 నుంచి ఖాళీ ఇళ్లపై ప్రత్యేకంగా పన్ను వేస్తోంది. ఇంటి విలువలో ఒక శాతంతో మొదలుపెట్టి మూడుకు పెంచింది.

ఇక అందరికంటే పెద్ద భూస్వామి ప్రభుత్వమే. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేట నియోపోలిస్ వేలంలో, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ అమ్మిన ఒక ప్లాటు ధర ఎకరం 100 కోట్లు దాటింది. ఆ ధరకు కొన్న బిల్డరు గుమస్తాకు సరిపోయే ఇల్లు కట్టమన్నా కట్టలేడు. చుట్టుపక్కల ఊళ్లలో భూమి ఉన్న ప్రతివాడికీ మర్నాటి నుంచి అదే రేటు నోట్లో ఆడుతుంది. ఖజానా నిండిందని పత్రికల్లో మొదటి పేజీ వార్త.

అలాంటి వేలం ఫైళ్లు రేపు మీ బల్లల మీదికే వస్తాయి. అద్దె ఇళ్లకు ఎన్ని ఎకరాలు విడిచారన్నది ముందు చూడండి. ఒక్కటీ లేకపోతే, కారణం అడుగుతూ నోట్ రాసి వెనక్కి పంపండి.