కౌన్సెలర్ల పనిని చూసేదెవరు?

(కుటుంబ సలహా కేంద్రాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘాల్లో కౌన్సెలింగ్ గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని రాజీ అయ్యాయి అన్న లెక్కలతోనే మొదలుపెడతాం. తలుపు మూసిన గదిలో భార్యాభర్తలతో కౌన్సెలర్ ఏం మాట్లాడింది, ఎవరిని ముందు మాట్లాడనిచ్చింది, ఎవరి మాట మధ్యలోనే ఆగిపోయింది అన్నది మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ గది గురించే. కుటుంబాలతో పనిచేసేవాళ్ళకి శిక్షణ ఎలా ఇవ్వాలి, వాళ్ళ పనిని ఎవరు, ఏ దృష్టితో చూడాలి అన్నది పైకి సాంకేతిక విషయంలా కనిపిస్తుంది. కానీ ఒక్కోసారి ఒక స్త్రీ ప్రాణం దానిమీదే ఆధారపడి ఉంటుంది.

కుటుంబ చికిత్స ఒక వృత్తిగా బలపడిన అమెరికాలో ఈ ప్రశ్నకి ఒక జవాబు దొరికింది. 1960ల చివర్లో ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లో సాల్వడార్ మినూచిన్, జే హేలీ, బ్రాలియో మోంటాల్వో శిక్షణని పుస్తకాల నుంచి గదిలోకి తెచ్చారు. శిక్షణలో ఉన్న వ్యక్తి కుటుంబంతో మాట్లాడుతూ ఉంటే, ఒకవైపు నుంచి మాత్రమే కనబడే అద్దం వెనక సూపర్‌వైజర్ కూర్చుని చూసేవారు. అవసరమైతే ఫోన్ చేసి అప్పటికప్పుడే సలహా చెప్పేవారు. మనకి ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. వాళ్ళు ఇలా శిక్షణ ఇచ్చినవాళ్ళలో పెద్ద డిగ్రీలు లేని స్థానిక నల్లజాతి ప్రజలు కూడా ఉన్నారు. డిగ్రీ లేకపోవడం అడ్డుకాలేదు. పక్కనే ఉండి పని చూసి, చెప్పేవాళ్ళు ఉండటం ముఖ్యమైంది. ‘మా కార్యకర్తలు చదువుకున్న సైకాలజిస్టులు కారు కదా’ అని మనం వెనక్కి తగ్గనక్కరలేదు.

తర్వాత అక్కడ దీనికి ప్రమాణాలు ఏర్పడ్డాయి. చాలా ఏళ్ళపాటు అమల్లో ఉన్న ఒక ప్రమాణం ప్రకారం శిక్షణార్థి 500 గంటలు నేరుగా మనుషులతో పనిచెయ్యాలి. అందులో సగం జంటలతో, కుటుంబాలతో గడపాలి. 100 గంటలు సూపర్‌విజన్‌లో ఉండాలి. శిక్షణార్థి ‘ఇలా జరిగింది’ అని చెప్పుకుంటే చాలదు. టేపు ద్వారానో, స్వయంగా చూసో సూపర్‌వైజర్ పనిని తెలుసుకోవాలి.

ఎందుకింత పట్టుదల? ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. కౌన్సెలర్ కేసు కాగితంలో ఇలా రాసింది: ‘భార్యాభర్తల మధ్య అవగాహన లోపం. ఇద్దరికీ నచ్చజెప్పడమైనది.’ అదే సంభాషణని పక్కన కూర్చుని చూసినవాళ్ళకి మరొకటి కనిపిస్తుంది. ప్రతి జవాబుకి ముందు ఆమె భర్త మొహం వంక చూసింది. కొట్టాడా అని అడిగితే ‘ఎప్పుడైనా’ అంది. కౌన్సెలర్ వెంటనే ‘ఆయనకి కోపం వచ్చేలా నువ్వేం చేస్తావమ్మా?’ అని అడిగింది. కాగితంలో ఉన్నది అబద్ధమని కాదు. కౌన్సెలర్ తనకి కనబడినదే రాసింది. కనబడనిదాన్ని చూపించడానికే రెండో మనిషి కావాలి.

అయితే రెండో మనిషి ఉంటే చాలా? చాలదని స్త్రీవాదులు చెప్పారు. కుటుంబ చికిత్సలో బలంగా ఉన్న ఆలోచన ప్రకారం కుటుంబం ఒక వ్యవస్థ. ఒకరి ప్రవర్తన మరొకరి ప్రవర్తనకి కారణమవుతుంది, తప్పు ఏ ఒక్కరిదీ కాదు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కొట్టేవాడినీ తినేదాన్నీ ఒకే చక్రంలో రెండు ఆకులుగా చూస్తే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది మాయమైపోతుంది. 1978లో రేచల్ హేర్-మస్టిన్, 1984లో మిషెల్ బొగ్రాడ్, 1985లో వర్జీనియా గోల్డ్‌నర్ రాసిన వ్యాసాలు ఈ వృత్తిని లోపలి నుంచే ప్రశ్నించాయి. అద్దం వెనక కూర్చున్న సూపర్‌వైజర్‌కి కూడా పితృస్వామ్యం సహజంగా కనబడితే, శిక్షణ ఆ చూపునే ఇంకా నేర్పుగా తర్వాతి తరానికి అందిస్తుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. బెంగుళూరు నిమ్హాన్స్ వంటి చోట్ల కుటుంబ చికిత్సలో పర్యవేక్షణతో కూడిన శిక్షణ ఉంది. కానీ కుటుంబ చికిత్సకులకంటూ మన దేశంలో ప్రత్యేక లైసెన్సు లేదు. పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో రోజూ భార్యాభర్తలతో మాట్లాడేవాళ్ళలో చాలామందికి కొద్దిరోజుల వర్క్‌షాపే దిక్కు.

2005 గృహహింస చట్టం 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఇద్దర్నీ విడివిడిగా గానీ కలిపి గానీ కౌన్సెలింగ్‌కి పంపవచ్చు. 2006 నిబంధనల్లో ఒక మంచి విషయం ఉంది. చేసిన హింసకి భర్త ఎలాంటి సమర్థనా చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి మొదలుపెట్టకముందే అతనికి తెలియజెయ్యాలి. హింస మళ్ళీ జరగదన్న హామీ తీసుకోవాలి. అంటే ‘నువ్వేం చేస్తావమ్మా’ అన్న ప్రశ్నకి చట్టంలో చోటు లేదు. కానీ అది పాటిస్తున్నారో లేదో గదిలోకి వెళ్ళి చూసేదెవరు? కౌన్సెలర్ కోర్టు లేదా రక్షణాధికారి సాధారణ పర్యవేక్షణలో పనిచెయ్యాలని నిబంధన చెబుతోంది. అది పరిపాలనకి సంబంధించిన పర్యవేక్షణ. నివేదిక వచ్చిందా, వాయిదాకి అందిందా అన్నది చూస్తుంది. నేను మాట్లాడుతున్నది పనిని నేర్పే పర్యవేక్షణ గురించి. మాట ఒకటే అయినా పని వేరు.

మనం ఏం చెయ్యగలం? అద్దాలు, కెమెరాలు లేకపోయినా మొదలుపెట్టవచ్చు. కొత్త కౌన్సెలర్‌తో పాటు అనుభవమున్న ఒకరు గదిలో కూర్చోవచ్చు. వారానికి ఒక పూట కేసుల చర్చకే కేటాయించి, దాన్ని జీతమిచ్చే పనిగంటల్లో లెక్కవెయ్యాలి. గదిలో ఎవరు కూర్చోవాలన్నా, ఏది రికార్డు చెయ్యాలన్నా ఆమె అనుమతి తప్పనిసరి. వద్దంటే సేవ ఆగకూడదు. రాజీల సంఖ్య అడిగే అధికారీ, పని నేర్పే సూపర్‌వైజరూ ఒకరే కాకూడదు. ఒకరే అయితే కౌన్సెలర్ తన సందేహాల్ని దాచుకుంటుంది.

ఆ సూపర్‌వైజర్ ప్రతి కేసులో కొన్ని ప్రశ్నలు అడగాలి. ఆమెతో ఒంటరిగా మాట్లాడావా? హింస గురించి సూటిగా అడిగావా? ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టాలన్నది ఎవరి నిర్ణయం? ఇక్కడ నోరు విప్పినందుకు ఇంటికెళ్ళాక ఆమెకి ఏం జరగవచ్చు? విడిపోవాలనుకుంటే ఆ దారి కూడా ఆమెకి చెప్పావా? ఒంటరిగా వినకుండా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం నిష్పక్షపాతం కాదు.

ఇంకో మాట. రోజూ దెబ్బల కథలు వినే కార్యకర్త కూడా మనిషే. పెళ్ళి గురించి, ఓర్పు గురించి తన ఇంట్లో నేర్చుకున్న నమ్మకాలు ఆమె ప్రశ్నల్లోకి వస్తాయి. అలసట వస్తుంది. అవి తన లోపాలన్న భయం లేకుండా చెప్పుకునే చోటు ఆమెకి కావాలి. అలాంటి చోటు లేని కార్యకర్త ‘సర్దుకుపోమ్మా’ అన్న పాత మాటనే ఆశ్రయిస్తుంది.

కాబట్టి ప్రభుత్వాన్నీ, నిధులిచ్చే సంస్థల్నీ ఇంకొన్ని కేంద్రాలు కావాలని అడిగేటప్పుడు పర్యవేక్షణకి గంటలూ డబ్బూ కూడా అడుగుదాం. మన సంస్థల్లో అయితే ఎవరి అనుమతీ అక్కరలేదు. వచ్చే వారం నుంచే మొదలుపెట్టవచ్చు.