మిగిలిన బిడ్డ

(శతవార్షికోత్సవముల సందర్భంగా జరిగిన సండేస్కూలు ఉపాధ్యాయుల, యువజన నాయకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "ఆదరణ". చాలా విశాలమైన అంశం. దానిని నేను కొంత ఇరుకు చేసుకున్నాను. ఇద్దరు బిడ్డలున్న ఇంట్లో ఒకరు ప్రమాదంలో పోతే, సంఘమంతా తల్లిదండ్రుల చుట్టూ చేరుతుంది. అది న్యాయమే. ఆ ప్రమాదంలోనే ఉండి, బ్రతికి బయటపడిన రెండవ బిడ్డ ఏ మూల కూర్చున్నాడో ఎవరూ చూడరు. పసివాడైతే ఎవరో ఒకరు చంకనెత్తుకుంటారు. పధ్నాలుగు పదిహేనేళ్లవాడైతే "ఇక నువ్వే అమ్మను చూసుకోవాలిరా" అని భుజం తట్టి, మన దారిన మనం వెళ్లిపోతాము.

ఆదికాండములో యాకోబు ఇంటిని చూడండి. యోసేపు పోయాడనుకొని ఆ తండ్రి గోనెపట్ట కట్టుకున్నాడు. కుమారులు, కుమార్తెలు అందరూ లేచి ఓదార్చడానికి వచ్చారు గాని అతడు ఓదార్పు పొందనొల్లలేదు. ఏండ్లు గడిచాక కరవు కాలంలో బెన్యామీనును ఐగుప్తుకు పంపమన్నప్పుడు, వీడొక్కడే మిగిలాడని చెప్పి పంపనన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడు? తన కడుపున పుట్టిన మిగతా కుమారులతోనే అన్నాడు. వారు ఎదుట నిలిచే ఉన్నారు. వారు నిజంగా దోషులు, ఆ సంగతి వేరు. అయినా తండ్రి లెక్కలో తాము లేమని తెలిసినప్పుడు ఎట్లుంటుందో ఆ వచనం దగ్గర కొంచెం ఆగి ఆలోచించండి. ఏ దోషమూ లేని పిల్లవాడు అదే మాట తన ఇంట్లో వింటే?

నాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. అన్నదమ్ములిద్దరు. పెద్దవాడు ఇంటర్ రెండవ సంవత్సరం, చిన్నవాడు తొమ్మిదవ తరగతి. కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో లాకుల దగ్గరకు స్నానానికి వెళ్లారు. లాకుల దిగువను నీరు పైకి నెమ్మదిగానే కనిపిస్తుంది, అడుగున లాగేస్తుంది. పాచి పట్టిన మెట్టు మీద చిన్నవాడు జారాడు. పెద్దవాడు దూకి, తమ్ముణ్ణి మెట్ల వైపు నెట్టాడు. తాను తిరిగి రాలేదు.

భూస్థాపన దినాన ఆ పిల్లవాడు ఏడవలేదు. చూసినవారు "గుండె గట్టివాడు" అన్నారు. తర్వాత కొన్ని నెలలకు వాని నాయనమ్మ నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, వీడు చేపల పులుసు ముట్టడంలేదు, మంచం మీద పడుకోవడంలేదు, నేల మీదే పడుకుంటున్నాడు" అని చెప్పింది. చేపల పులుసు అన్నకు ఇష్టం. మంచం అన్నది. మార్కులు తగ్గినందుకు బడిలో కొట్టారు. దెబ్బలు తింటే వానికి కొంత నెమ్మదిగా ఉండేదట. ఆ మాట వాడే చెప్పాడు.

ఇటువంటి స్థితి కొత్తది కాదు. నాజీల నిర్బంధ శిబిరాలనుండి బ్రతికి బయటపడినవారిని పరీక్షించిన విలియం నీడర్లండ్ అనే మనోవైద్యుడు 1960లలో దీనిని గురించి వ్రాశాడు. తనవారందరూ పోయి తానొక్కడే మిగిలినందుకు, నేరం చేసినవానివలె కుమిలిపోయేవారిని ఆయన చూశాడు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ప్రచురించిన వ్యాధుల పట్టికలో, బ్రతికినందుకు కలిగే ఈ అపరాధ భావం ఒక లక్షణంగా చేరింది. మన దేశంలో దీని కోసం అంత దూరం పోనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సర్కారు లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది పోయారు. తాటిచెట్లను పట్టుకొని బ్రతికినవారు, చేయి జారిపోయిన బిడ్డను తలచుకుంటూ తక్కిన జీవితమంతా గడిపినవారు ఆ ప్రాంతంలో ఉన్నారు. అప్పటి పదిహేనేళ్లవారు ఇప్పుడు అరవై దాటిన పెద్దలు. వారికి బియ్యం ఇచ్చారు, బట్టలిచ్చారు, ఇండ్లు కట్టించారు. "నీ చేయి ఎట్లా జారింది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చున్నవారు ఎంతమంది ఉంటారు?

మన పిల్లవాని దగ్గరకు వద్దాము. "నీ తప్పేమీ లేదు బాబూ" అని అందరూ అన్నారు. ఆ మాట వాని నోరు మూసేసింది. ఎందుకంటే వాని దృష్టిలో తప్పు ఉంది. అన్న వద్దన్నా వాడే ముందు నీళ్లలో దిగాడు. అది జరిగిన సంగతి. దానిని మనం తుడిచివేస్తే వాడు మనలను నమ్మడు. చెప్పనివ్వాలి. ఒకసారి కాదు, పదిసార్లు. పదవసారి చెప్పేటప్పుడు నేనడిగాను: "ఆ మెట్టు మీద కాలు పెట్టినప్పుడు, అక్కడ నీరు లాగుతుందని నీకు తెలుసా?" "తెలియదయ్యగారూ." "మీ అన్నను దూకమన్నావా?" చాలాసేపటికి, "అనలేదు, కేకేశాను" అన్నాడు. మునిగేవాడు కేక వేస్తాడు గదా. ఇప్పుడు తెలిసిన సంగతులతో అప్పటి పిల్లవానికి శిక్ష వేస్తున్నాడు వాడు. అంతేగాక, దూకడం అన్న చేసిన పని, అన్న ప్రేమతో చేసిన పని. "నేనే చంపాను" అనుకుంటే ఆ పని అన్నది కాకుండా పోతుంది. ఈ సంగతి వానికి ఒక్కనాటితో ఎక్కలేదు. ఇంకా పూర్తిగా ఎక్కిందని చెప్పను.

ఇక్కడ మన బోధకులకు ఒక విన్నపము. అన్న చేసిన పనిని సిలువతో పోల్చి, "ప్రభువు నీ కొరకు మరణించినట్లే మీ అన్న నీ కొరకు మరణించాడు" అని ఆ పిల్లవాని ఎదుట ప్రసంగించినవారున్నారు. ఉదాహరణ బాగుందని సంఘం కన్నీరు పెట్టుకుంది. కాని పదిహేనేళ్ల బిడ్డ నెత్తి మీద సిలువంత అప్పు పెట్టాము. తండ్రి చిత్తమెరిగి, తనంతట తానే ప్రాణము పెట్టి, మూడవ దినమున లేచినవాడు మన ప్రభువు. ఆ అన్న క్షణంలో దూకిన పిల్లవాడు. లేచి రాలేదు. రెండూ ఒకటి కావు. అట్లే "దేవుడు నిన్నేదో గొప్ప ఉద్దేశంతో మిగిల్చాడు" అనే మాట. మంచి మనసుతోనే అంటాము. వింటున్నవాడు ఏమనుకుంటాడు? అన్న విషయంలో దేవునికి ఏ ఉద్దేశమూ లేదా? నేను పరీక్ష తప్పితే, మామూలు గుమాస్తానైతే, అన్న ప్రాణం వృథాయేనా? సిలోయము గోపురం కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె పాపులు కారని ప్రభువు తేటగా చెప్పాడు. చచ్చినవారి మీద లెక్క కట్టవద్దన్న ప్రభువు, బ్రతికినవారి మీద మాత్రం కట్టమంటాడా?

నాకు మెఫీబోషెతు చరిత్ర ఇష్టం. గిల్బోవ వార్త వచ్చిన దినాన అయిదేండ్ల బిడ్డ. దాది ఎత్తుకొని పారిపోతుంటే పడి కుంటివాడయ్యాడు. తాతా తండ్రీ పోయారు, వాడు మిగిలాడు. దావీదు పిలిపించినప్పుడు తన్ను తాను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు. మిగిలినవాడు తన్ను గురించి అట్లే అనుకుంటాడు. దావీదు అతనిని ఏమి సాధించావని అడగలేదు, ఏమి సాధించాలో చెప్పలేదు. యోనాతాను నిమిత్తము బల్ల దగ్గర చోటిచ్చాడు, రోజూ భోజనం పెట్టాడు. ఆ అధ్యాయం చివరి మాట ఏమిటంటే, అతని రెండు కాళ్లు కుంటివే. బల్ల దగ్గర కూర్చున్నంత మాత్రాన కాళ్లు బాగుపడలేదు. అయినా చోటు తీసివేయలేదు.

ఇక ఇల్లు. కొడుకు పోయిన ఏడాదిలోపే ఆ భార్యాభర్తల మధ్య మాట పోయింది. "పిల్లల్ని కాలువకెందుకు పోనిచ్చావు?" అని ఆయన. "చిన్నవాడికి ఈత నేర్పిస్తానని ఎన్నేళ్లనుంచి అంటున్నావు?" అని ఆమె. ఇద్దరి ప్రశ్నలూ వినపడే దూరంలోనే పిల్లవాడు ఉన్నాడు. తండ్రి త్రాగుడు మొదలుపెట్టి, తర్వాత పని పేరు చెప్పి హైదరాబాదు వెళ్లిపోయాడు. తల్లి పుట్టింటికి చేరింది. చిన్నవాని ముఖం చూస్తే పెద్దవాడు కనబడుతున్నాడని ఆమె బాధ. అది ద్వేషం కాదు. వానికెట్లా తెలుస్తుంది? అన్నను చంపాను, ఇప్పుడు ఇంటినీ చంపాను అని లెక్క వేసుకున్నాడు. ఆ తల్లిదండ్రులను మళ్లీ కలపడం నా చేతిలో లేదు. ఏ కాపరి చేతిలోనూ ఉండదు. కాని ఒక పని ఇద్దరితోనూ చేయించవచ్చు. తాము విడిపోయింది నీ వలన కాదు అని తండ్రి నోటితో ఒకసారి, తల్లి నోటితో ఒకసారి వానికి చెప్పించడం. మనం చెబితే చాలదు. తల్లి వచ్చి చెప్పింది. తండ్రి ఫోనులో సగం చెప్పి పెట్టేశాడు.

ఉపాధ్యాయులు అడిగే మాట ఒకటుంది: "చావాలనుందా అని అడిగితే లేని తలంపు పుట్టించినట్లవుతుందేమో?" కాదు. సూటిగా అడగండి. ఆ తలంపున్నవానికి అడిగినవాడు దొరకడమే ఉపశమనము. ఉందని చెబితే ఒంటరిగా విడువకండి, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. 2022 అక్టోబరునుండి టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది. 14416కు చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. మనోవైద్యుని దగ్గరకు వెళ్తే విశ్వాసం తక్కువైనట్లు కాదు. ఎముక విరిగితే కట్టు కట్టించుకుంటాము, అప్పుడెవరూ అట్లా అనుకోరు.

జ్ఞాపకార్థ కూడికలలో పోయినవారి పేరుతోపాటు మిగిలిన బిడ్డ పేరును కూడా ప్రార్థనలో చెప్పండి. చాలా చిన్న పని. ఆ కుటుంబంలో రెండవ ఏటి కూడికలో అట్లా చెప్పినప్పుడు వాడు తలెత్తి చూశాడు. వచ్చే నెలలో మూడవది. తల్లి వస్తానని కబురు చేసింది. తండ్రి సెలవు దొరికితే వస్తానన్నాడు. పిల్లవాడు ఇప్పుడు మంచం మీద పడుకుంటున్నాడని నాయనమ్మ చెప్పింది. చేపల పులుసు మాత్రం ఇంకా ముట్టలేదు.