ఒక పెట్టె, ఇద్దరు అన్నదమ్ములు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ ఉద్యోగం గురించి నాలుగు మాటలు, అర్థమయ్యేలా చెప్పు" అన్నారు కమిటీవాళ్ళు. మొబైల్ యాప్‌లు చేయడం నా పని. అందులో ఏం చెప్పాలా అనుకుంటుంటే మన లెక్కల మాస్టారు ఫోన్ చేసి విషయం ఇచ్చారు. "ఒరేయ్, ఒక యాప్‌లో నా పేరూ నంబరూ ఇచ్చాను. అదే కంపెనీది ఇంకోటి వేసుకుంటే, అది అడక్కుండానే నన్ను పేరు పెట్టి పలకరించింది. దానికెవరు చెప్పార్రా?" అన్నారు. సభలో చెప్తాను మాస్టారూ అన్నాను.

మన హాస్టల్ హాలు గుర్తుందా? గోడ వారన వరసగా రేకు పెట్టెలు, ఎవడి పెట్టెకు వాడి తాళం. ఇంటినుంచి వచ్చిన సున్నుండలు, జంతికలు అన్నీ అందులోనే. ఆండ్రాయిడ్ ఫోను అచ్చం ఆ హాలు లాంటిదే. దాని పునాది లినక్స్. లినక్స్‌లో ఒక్కో మనిషికి ఒక్కో నంబరిచ్చి, ఒకరి ఫైళ్ళు ఇంకొకరు తెరవకుండా చూస్తారు. ఆండ్రాయిడ్ వాళ్ళు ఆ నంబరును యాప్‌లకు ఇచ్చారు. అంటే ప్రతి యాప్‌కూ ఒక పెట్టె, ఒక తాళం.

మరి హాస్టల్లో అన్నదమ్ములిద్దరుంటే? అమ్మ పంపింది ఒకటే డబ్బా. ఇద్దరికీ అందాలి, మూడోవాడికి అందకూడదు. తేలిక దారి, డబ్బాను కిటికీ గూట్లో పెట్టడం. ఆ తర్వాత ఏమవుతుందో ఈ హాస్టల్లో చదివినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

నేను ఉద్యోగంలో చేసింది సరిగ్గా ఆ పనే. కొత్తలో ఒక క్లయింటుకు రెండు యాప్‌లు చేశాం. ఒకటి డాక్టరు అపాయింట్‌మెంటుకు, రెండోది ల్యాబు రిపోర్టులకు. రోగి రెండుసార్లు లాగిన్ అవకూడదన్నారు, గడువు రెండు రోజులన్నారు. లాగిన్ టోకెనును ఒక ఫైల్లో రాసి, ఫోన్లో అన్ని యాప్‌లకూ ఉమ్మడిగా ఉండే మెమరీలో పెట్టేశాను. పని జరిగింది, మెచ్చుకున్నారు కూడా.

నెల తిరిగాక, టెస్టింగులో కొత్తగా చేరిన అమ్మాయి తాను రాసిన టార్చిలైటు యాప్ ఒకటి నా ఫోన్లో వేసింది. లైటు వెలిగింది. దాని కింద నా రక్తపరీక్ష రిపోర్టు! "షుగర్ ఎక్కువుంది సార్, స్వీట్లు తగ్గించండి" అంది. మెమరీ చదివే అనుమతి ఆ యాప్‌కు నేనే ఇచ్చాను. అప్పట్లో అనుమతుల జాబితా అంతా ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఒక్కసారి వచ్చేది, ఎవరూ చదివేవారు కాదు. పైగా మా యాప్‌లు రెండూ తీసేసినా ఆ ఫైలు ఫోన్లోనే ఉండిపోయేది.

ఆ రాత్రే టోకెన్లన్నీ సర్వరులో రద్దు చేశాం. కానీ ఆ నెల రోజుల్లో ఇంకెవరైనా చదివారా? తెలుసుకునే దారి లేదు. ఫైలు ఎవరు తెరిచారో ఫోను మాకోసం రాసిపెట్టలేదు. రోగులకు మాత్రం "సాంకేతిక కారణాల వల్ల మళ్ళీ లాగిన్ అవండి" అని పంపాం. ఆ వాక్యం రాసింది నేనే. మా గురువుల ముందు మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

సరైన పద్ధతి మన టీసీలో ఉంది. టీసీ మీద పేరు ఎవరైనా రాయొచ్చు, హెడ్మాస్టరుగారి సంతకం, ముద్ర చూస్తేనే ఇంకో బడి చేర్చుకుంటుంది. ప్రతి యాప్‌నూ తయారీదారు ఒక రహస్య తాళంతో డిజిటల్ సంతకం చేసి విడుదల చేస్తాడు. ఆండ్రాయిడ్‌లో "సిగ్నేచర్" స్థాయి అనుమతి పెడితే, అదే సంతకమున్న యాప్‌కే అది దక్కుతుంది. డబ్బా అన్న పెట్టెలోనే ఉంటుంది. తమ్ముడు అడిగితే, ఫోను సంతకం సరిచూసి, కంటెంట్ ప్రొవైడర్ అనే కిటికీలోంచి అడిగిన ఒక్కటే అందనిస్తుంది. ఐఫోన్లో కీచైన్ గ్రూపులు, యాప్ గ్రూపులు ఉన్నాయి. ఒకే డెవలపర్ ఖాతాలోని యాప్‌లే వాటిలో చేరగలవు.

ఒకప్పుడు ఆండ్రాయిడ్‌లో రెండు యాప్‌లకు ఒకే నంబరిచ్చే ఏర్పాటూ ఉండేది, పెట్టె మొత్తం ఉమ్మడి. ఒకడి తాళం వదులైతే ఇద్దరి సొమ్మూ పోయినట్టే. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి దాన్ని వాడొద్దన్నారు. ఉమ్మడి మెమరీలో నేను చేసిన లాంటి పనులకు కట్టడి మొదలైందీ అప్పుడే.

అన్నదమ్ములైనా అన్నీ పంచుకోనక్కర్లేదు. పాస్‌వర్డు అసలే వద్దు, కొద్దిసేపట్లో చెల్లిపోయే టోకెను చాలు. ఇక ఆ సంతకపు తాళం. అది బయటివాడి చేతికి చిక్కితే వాడూ తమ్ముడే అయిపోతాడు. మా ఆఫీసులో ఒకప్పుడు అది మెయిళ్ళలో తిరిగేది. ఇప్పుడు ఇద్దరి దగ్గరే ఉంటుంది, ఆ ఇద్దరిలో నేను లేను. మంచిదే.

ఇదంతా మాస్టారికి ముందే ఫోన్లో కొంత చెప్పాను. మీ విషయంలో ఫోన్లోనే మాట్లాడుకుని ఉండొచ్చు, లేదా మీ నంబరు చూసి కంపెనీ సర్వరే గుర్తుపట్టి ఉండొచ్చు అన్నాను. అంతా విని, "తాళాలు బాగానే ఉన్నాయిరా, మరి నన్నడిగారా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. సంతకం మూడోవాణ్ణి ఆపుతుంది. డబ్బా ఎవరిదో వాళ్ళను అడిగామా లేదా అన్నది దానికి తెలియదు. 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి గురించి మాట్లాడేది ఇక్కడే.

మా కొత్త యాప్‌లో ఒక తెర చేర్చాం. "మీ పేరు, నంబరు ఆ యాప్‌కు ఇవ్వమంటారా?" అని అడుగుతుంది. ఇంకో నొక్కు ఎందుకని మా మేనేజరు సణిగాడు. మాస్టారికి పంపి చూడమన్నాను. ఆయన "వద్దు" నొక్కారట. ఎందుకండీ అంటే, "నొక్కితే ఏమవుతుందో చూద్దామని" అన్నారు. ఏమీ కాలేదు. రెండో యాప్‌లో పేరు మళ్ళీ టైపు చేసుకున్నారు, ఇంటిపేరుతో సహా.