ఆరుగురు కవులు, ఒక రిక్షా అన్న



కొత్త పుస్తకం అచ్చయితే సభ పెడతారు. ఒక పెద్దమనిషిని పిలుస్తారు. దండ వేస్తారు. ఆయన చేత పుస్తకం విప్పిస్తారు. దాన్ని ఆవిష్కరణ అంటారు. మంత్రిగారో, పండితుడో ఉండాలి. అదీ ఆనవాయితీ.

1965 మే నెలలో హైదరాబాదులో అలా జరగలేదు. నడిరాత్రి వేళ ఒక కవితల పుస్తకం బయటికొచ్చింది. ఆవిష్కరించింది ఎవరనుకున్నారు? నాంపల్లి పాండు. ఆయన రిక్షా తొక్కుకుని బతికే మనిషి.

ఆ పుస్తకం రాసింది ఆరుగురు స్నేహితులు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. ఇవి అమ్మానాన్న పెట్టిన పేర్లు కావు. వాళ్లే పెట్టుకున్నారు. చెరబండరాజు అసలు పేరు భాస్కరరెడ్డి. జ్వాలాముఖి అసలు పేరు రాఘవాచార్యులు. పాత పేరు వింటే కులం తెలిసిపోతుంది. కొత్త పేరు వింటే తెలియదు. ఆరుగురూ కలిసి ‘దిగంబర కవులు’ అయ్యారు. దిగంబరం అంటే ఒంటిమీద బట్ట లేకపోవడం. మనసులో మాటకు ముసుగు వెయ్యం అని వాళ్ల ఉద్దేశం.

వారాలకు కూడా కొత్త పేర్లు పెట్టారు! ఒక వారం పేరు స్నేహవారం. ఋతువులనూ వదల్లేదు. ఒక ఋతువు ఆశ, ఇంకొకటి అశ్రువు. అశ్రువు అంటే కన్నీరు. మన పొలం పనులకు ఆ పంచాంగం పనికిరాదులెండి.

రెండో పుస్తకం 1966లో విజయవాడలో వచ్చింది. హోటల్లో క్లీనరు పని చేసే జంగాల చిట్టి ఆవిష్కరించాడు. మూడోది 1968లో విశాఖపట్నంలో. దాన్ని విప్పింది ఒక ఆడమనిషి. బిచ్చమెత్తుకుని బతికే అమ్మ. కవులు ఆరుగురూ మగవాళ్లే. మూడు పుస్తకాల్లో ఆడవాళ్లకు దక్కిన చోటు అదొక్కటే.

ఆ కవితలు చదివి చాలామంది మండిపడ్డారు. బూతులున్నాయన్నారు. ఆ మాట అబద్ధం కాదు. దేశంలో జరిగే మోసాల మీద వాళ్ల కోపం నిజమైనదే. కానీ కొన్ని తిట్లు ఆడదాని ఒంటిమీదికి పోతాయి. మోసగాణ్ని తిట్టడానికి మధ్యలో ఆడదాని ఒళ్లెందుకు? ఇది అడగాల్సిందే. అడిగినా, రిక్షా అన్న చేతికి పుస్తకం ఇచ్చిన పని చిన్నది కాదు.

1970లో విప్లవ రచయితల సంఘం పుట్టింది. నలుగురు అందులో చేరారు. భైరవయ్య, మహాస్వప్న చేరలేదు. జట్టు విడిపోయింది. 1971లో చెరబండరాజును, జ్వాలాముఖిని, నిఖిలేశ్వర్‌ను ప్రభుత్వం జైల్లో పెట్టింది. ముందస్తు నిర్బంధం అనే చట్టం కింద పట్టుకుంది. అంటే, నేరం చేశారని కాదు, చేస్తారేమోనని! హైకోర్టు వాళ్లను విడిచిపెట్టమంది.

1977లో దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. దాని మీద నగ్నముని ‘కొయ్యగుర్రం’ అనే పెద్ద కవిత రాశారు. చెరబండరాజు బడిపంతులు. పాటలు కూడా రాశారు. ఆయన తలలో గడ్డ లేచింది. 1982లో చనిపోయారు. అప్పటికి నలభై ఏళ్లు నిండలేదు. నిఖిలేశ్వర్ ‘అగ్నిశ్వాస’ పుస్తకానికి 2020 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రిక్షా అన్న చేతిలో మొదటి పుస్తకం విప్పి అప్పటికి యాభై ఐదేళ్లు.