భృతి లేదంటే, ఆ మాట రాసిమ్మనండి
(వ్యవసాయ కూలీల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పని అడిగి పదిహేను రోజులైనా పని చూపకపోతే సర్కారు భృతి ఇవ్వాలి. ఇది ఎవడి దయా కాదు. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలుపెట్టారు. ఆ 2005 చట్టంలోనే ఈ హక్కు రాశారు. మొదటి ముప్పై రోజులు కూలిలో నాలుగో వంతుకు తగ్గకూడదు, ఆ ఏడాదిలో మిగిలిన రోజులకు సగానికి తగ్గకూడదు. కూలి 300 అనుకుంటే మొదటి ముప్పై రోజులకే 2,250 రూపాయలు. ఈ డబ్బు కళ్ళజూసినవాళ్ళు చేతులెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు.

ఎందుకు రాలేదు? కూలి డబ్బు కేంద్రం ఇస్తుంది, భృతి మాత్రం రాష్ట్రం తన ఖజానాలోంచి పెట్టుకోవాలని ఆ చట్టంలో ఉంది. దాంతో భృతి బాకీ పుట్టకుండా చూడటమే కింది ఆఫీసుల పనైపోయింది. మన దరఖాస్తు తీసుకుంటారు, తేదీ వెయ్యరు, రశీదు ఇవ్వరు. పని మంజూరైన రోజునే మనం అడిగినట్టు కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఇక ఆలస్యం ఎక్కడుంది? మేం బడిపంతుళ్ళం, హాజరుపట్టీలో ఒక్క గీత ఎంతపని చేస్తుందో మాకు తెలుసు. తేదీ లేని దరఖాస్తు అంటే మనం అసలు అడగనట్టే.

గట్టిగా నిలదీస్తే, "పిలిచాం, మీరే రాలేదు" అంటారు. పిలిచినా పదిహేను రోజుల్లో పనికి రానివాళ్ళకు మూడు నెలలు భృతి లేదని 2005 చట్టంలో ఉన్నమాట నిజమే. అయితే ఆ పిలుపు కాగితం మీద రావాలి, పంచాయతీ ఆఫీసు దగ్గర అంటించాలి. మన వాడకు చాటింపైనా రాదు. డప్పు కొట్టేది మాత్రం మనోళ్ళే!

అందుకని లేదు అన్నమాట నోటితో చెబితే వెనక్కి రావద్దు. ఏ కారణంతో లేదో రాసిమ్మని అడగండి. రాసివ్వకపోతే, అడిగాం ఇవ్వలేదు అని మనమే రాసి మండల ప్రోగ్రాం అధికారికి ఫిర్యాదు పెట్టాలి. ఏడు రోజుల్లో తేల్చాలని 2005 చట్టం గడువు పెట్టింది. అక్కడ తేలకపోతే జిల్లా కలెక్టరుకు అప్పీలు. సామాజిక తనిఖీ గ్రామసభలో అదే కాగితం పైకి చదివించండి. ఒక్కరు పోతే కసురుతారు, నలభైమంది పోతే కుర్చీ వేస్తారు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. వంద రోజులు నూట ఇరవై ఐదు అన్నారు. పదిహేను రోజుల్లో పని లేకపోతే భృతి అన్నది అందులోనూ ఉంది. దాంతోపాటు నాట్లు, కోతల కాలంలో ఏడాదికి అరవై రోజులు పని ఆపొచ్చని కూడా రాశారు. అదెవరి కోసమో మీకు చెప్పాలా? ఉపాధి పని వచ్చాక కూలీలు దొరకడం లేదని ఇన్నేళ్ళూ ఏడ్చిన భూస్వాముల కోసం. సరిగ్గా మన కూలి రేటు పెరిగే రోజుల్లో మనకు రెండో దారి మూసెయ్యడం అది. ఆ అరవై రోజులు ఏవో ముందే ఊళ్ళో చాటించమని అడగాలి. లేకపోతే ఏడాదంతా నాట్లే అంటారు.

జాబుకార్డులు తెచ్చినవాళ్ళు సభ అయ్యాక వేపచెట్టు కిందికి రండి. పదో తరగతి చదివిన మన పిల్లలు నలుగురు దరఖాస్తులు రాసిపెడతారు. ప్రతిదీ రెండు ప్రతులు. రెండోదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ పడేదాకా సోమవారం అక్కడే కూర్చుందాం, సద్దిమూటలు తెచ్చుకోండి.